ఫోను పెట్టేశాక... ఎటు?

అమెరికాలో మ్యూచువల్ ఫండ్ కంపెనీల గడప తొక్కే కుర్రకారులో చాలామందికి తొలిమెట్టు ఆ ఉద్యోగం. పేరు ఇంటర్నల్ హోల్‌సేలర్. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఫోన్లో మాట్లాడడమే పని. రెండు మూడేళ్ళు తిరిగేసరికి అందరి ముందూ నిలబడే ప్రశ్న ఒక్కటే... తర్వాతేంటి? ఒకప్పుడు దానికి జవాబు కంపెనీయే చెప్పేది. ఇప్పుడు ఎవరిది వాళ్ళు వెతుక్కోవాల్సిందే!

పేరున్న డాక్టరు దగ్గరికి ఎప్పుడు వెళ్ళినా రోగుల మధ్యలో టై కట్టుకుని, నల్లబ్యాగు కాళ్ళ దగ్గర పెట్టుకుని కూర్చున్న మనిషి ఒకరు కనిపిస్తారు. మెడికల్ రెప్. ఆయన రోగికి మందు అమ్మడు. ఆ మాటకొస్తే డాక్టరుకీ అమ్మడు. తమ కంపెనీ మందు ఎవరికి పనిచేస్తుందో, ఎవరికి పడదో డాక్టరుకి చెప్పి వస్తాడు. చీటీ రాసేది డాక్టరు, డబ్బు కట్టేది రోగి, ఆయనకి జీతమిచ్చేది కంపెనీ.

అమెరికాలో పొదుపు సొమ్ము వ్యాపారంలోనూ ఇలాంటి మనిషే ఉన్నాడు. అక్కడ డాక్టరు స్థానంలో ఫైనాన్షియల్ అడ్వైజర్ ఉంటాడు. మందుల స్థానంలో మ్యూచువల్ ఫండ్లు, ఈటీఎఫ్‌లు, పింఛను తరహా బీమా పథకాలైన యాన్యుటీలు. ఆ అడ్వైజర్ల చుట్టూ తిరిగే రెప్‌నే హోల్‌సేలర్ అంటారు. బేగంబజారులో బస్తాల లెక్కన అమ్మే హోల్‌సేలుకీ దీనికీ సంబంధం లేదు. జనానికి నేరుగా అమ్మేది రిటైలు, అమ్మేవాళ్ళకి చెప్పేది హోల్‌సేలు... అంతవరకే పోలిక.

వెళ్ళేవాడొకడు... పిలిచేవాడొకడు

హోల్‌సేలర్లలో రెండు రకాలు. ఒకాయన కారేసుకుని తిరుగుతాడు. ఓ రాష్ట్రమో, రాష్ట్రంలో సగమో ఆయన టెరిటరీ. అడ్వైజర్ల ఆఫీసులకి వెళ్ళడం, మధ్యాహ్న భోజనం తెప్పించి అందరినీ కూర్చోబెట్టి తమ ఫండ్ల గురించి చెప్పడం ఆయన పని. ఈయన ఎక్స్‌టర్నల్. రెండో మనిషి బోస్టన్‌లోనో, డెన్వర్‌లోనో కంపెనీ ఆఫీసులో హెడ్‌సెట్ పెట్టుకుని కూర్చుంటాడు. అదే టెరిటరీలోని అడ్వైజర్లకి ఫోన్లు చేస్తుంటాడు. ఇతనే ఇంటర్నల్. ఇద్దరూ జోడెద్దులు. ఎవరి ఆఫీసుకి వెళ్తే ఉపయోగమో తేల్చి, అపాయింట్‌మెంట్లు కుదిర్చేది ఇంటర్నలే. మొహం చూపించేది, ఎక్కువ జీతం తీసుకునేది మాత్రం ఎక్స్‌టర్నల్!

రోజుకి నలభై, యాభై ఫోన్లు మామూలే. అందులో సగానికి పైగా ఎవరూ ఎత్తరు. ఎత్తినవాళ్ళలో కొందరు మాట పూర్తికాకముందే పెట్టేస్తారు. మిగిలిన ఆ పది మందితోనే అసలు పని. ఒకరికి తమ ఫండునీ పక్క కంపెనీ ఫండునీ పోల్చిన కాగితాలు కావాలి. మరొకరికి గడిచిన మూడు నెలల్లో ఫండు ఎందుకు పడిపోయిందో కావాలి, ఎందుకంటే క్లయింటు సాయంత్రం వస్తానన్నాడు. ఇంకొకరికి ఏమీ అక్కర్లేదు... వాళ్ళ అబ్బాయి బేస్‌బాల్ ఆట గురించి నాలుగు ముక్కలు వింటే చాలు. ఆ కబురూ కంప్యూటర్లో రాసిపెట్టుకోవాలి. మళ్ళీసారి ఫోన్ చేసినప్పుడు అడగడానికి.

మాటకారితనం ఒక్కటే ఉంటే సరిపోదు. అమెరికాలో ఈ కుర్చీలో కూర్చోవాలంటే పరీక్షలు గట్టెక్కాలి. బ్రోకరేజి రంగాన్ని అదుపు చేసే ఫిన్రా సంస్థ పెట్టే సిరీస్ 7 వాటిలో ముఖ్యమైనది. 125 ప్రశ్నలు, మూడు గంటల ముప్పావు సమయం, 72 మార్కులొస్తే గట్టెక్కినట్టు. దానికి తోడు రాష్ట్రాల చట్టాల మీద సిరీస్ 63 గానీ, సిరీస్ 66 గానీ రాయాలి. చాలా కంపెనీలు చేరిన మొదటి నెలల్లోనే పుస్తకాలు చేతికిచ్చి చదువుకోమంటాయి. గడువులోగా పాస్ కాకపోతే ఉద్యోగం ఊడినట్టే.

ఈ వ్యాపారానికి వందేళ్ళు నిండాయి. అమెరికాలో తొలి ఓపెన్ ఎండ్ మ్యూచువల్ ఫండ్‌గా చెప్పుకునే మసాచుసెట్స్ ఇన్వెస్టర్స్ ట్రస్ట్ 1924లో బోస్టన్‌లో పుట్టింది. ఫండు పెట్టడం తేలిక, దాన్ని దేశమంతా జనం చేత కొనిపించడం కష్టం. ఆ కష్టంలోంచి వచ్చిందే హోల్‌సేలర్ ఉద్యోగం.

నిచ్చెన కురచైంది

పాత రోజుల్లో ఇంటర్నల్‌గా చేరిన కుర్రాడికి దారి స్పష్టంగా ఉండేది. రెండు మూడేళ్ళు ఫోను మీద కూర్చుంటే, ఏదో ఒక టెరిటరీ ఖాళీ అవుతుంది. సూట్‌కేసు సర్దుకుని ఎక్స్‌టర్నల్‌గా వెళ్ళిపోవడమే. అక్కడ అమ్మకాల మీద కమీషన్. కోటి డాలర్ల పెట్టుబడి తెప్పిస్తే, దాని మీద ఒక శాతంలో పదో వంతు ఇచ్చినా పదివేల డాలర్లు. ఆ ఆశ మీదే బోలెడంతమంది చెవులు వాచేలా ఫోన్లు చేశారు.

ఆ నిచ్చెనకి మెట్లు ఊడిపోవడం మొదలై చాలా కాలమైంది. జాన్ బోగుల్ 1975లో స్థాపించిన వాన్‌గార్డ్ సంస్థ, మరుసటి ఏడాదే సామాన్యుల కోసం ఇండెక్స్ ఫండు తెచ్చింది. 1977లో అమ్మకపు కమీషన్లు ఎత్తేసింది. మార్కెట్ ఎటుపోతే అటు పోయే ఫండుకి, దాన్ని వివరించే మనిషి ఎందుకన్నది దాని వెనక ఉన్న ప్రశ్న. అప్పట్లో నవ్వినవాళ్ళే ఎక్కువ. 1993లో అమెరికాలో తొలి ఈటీఎఫ్ వచ్చింది. 2018లో ఫిడెలిటీ ఏకంగా ఖర్చులు సున్నా అంటూ ఇండెక్స్ ఫండ్లు పెట్టింది. 2023 చివరికొచ్చేసరికి ఇండెక్స్ తరహా ఫండ్లలో ఉన్న సొమ్ము, మేనేజర్లు ఏరికోరి పెట్టుబడి పెట్టే ఫండ్ల సొమ్మును మొదటిసారి దాటిందని మార్నింగ్‌స్టార్ లెక్క తేల్చింది. ఫీజులు తగ్గాయంటే ఆ ఫీజుల్లోంచి జీతాలు తీసుకునేవాళ్ళు కూడా తగ్గాలి కదా!

దానికి తోడు విలీనాలు. 2019లో ఇన్వెస్కో సంస్థ ఓపెన్‌హైమర్ ఫండ్స్‌ని కొనేసింది. 2020లో ఫ్రాంక్లిన్ టెంపుల్టన్ సంస్థ లెగ్ మేసన్‌ని కలిపేసుకుంది. 2024 మొదట్లో బోస్టన్‌లోని పుట్నమ్ కూడా దాని గూటికే చేరింది. రెండు కంపెనీలు కలిస్తే ఫండ్లు రెట్టింపవుతాయేమో గానీ, ఒహాయో రాష్ట్రానికి ఇద్దరు ఎక్స్‌టర్నల్స్ అక్కర్లేదు.

చివరిదెబ్బ 2020లో కరోనా కొట్టింది. కార్లు షెడ్లకే పరిమితమయ్యాయి. ఎక్స్‌టర్నల్స్ కూడా ఇంట్లో కూర్చుని వీడియోలో మాట్లాడారు. అడ్వైజర్లలో చాలామందికి అదే హాయనిపించింది. కంపెనీలకి విమానం ఖర్చులు మిగిలాయి. దాంతో సగం రోజులు ఫోను, సగం రోజులు ప్రయాణం అనే హైబ్రిడ్ హోల్‌సేలర్ కొలువులకి గిరాకీ పెరిగింది. ఇంటర్నల్‌కి ఇది ఒక మెట్టు పైకే. కానీ ఒకప్పుడు మూడేళ్ళలో అందిన కుర్చీ కోసం ఇప్పుడు మధ్యలో మరో మజిలీలో ఆగాల్సి వస్తోంది. కొందరు అక్కడే ఉండిపోతున్నారు.

ఫోన్‌బుక్‌లో ఎవరున్నారు?

అందుకే పక్కదారుల వెతుకులాట. ఇక్కడే చాలామంది ఒక లెక్క తప్పుతుంటారు. మూడేళ్ళలో నాలుగైదు వందలమంది అడ్వైజర్లతో చనువు ఏర్పడింది కాబట్టి, అమ్మకాల్లో ఆరితేరినట్టే అనుకుంటారు. ఆ చనువు నిజమే. అయితే ఆ ఫోన్‌బుక్‌లో ఉన్నవాళ్ళు సొమ్ము పెట్టేవాళ్ళు కాదు. వాళ్ళంతా సొమ్మున్నవాళ్ళకి సలహా చెప్పేవాళ్ళు. కంపెనీ బోర్డు తీసేసి సొంతంగా నిలబడితే, వాళ్ళలో ఒక్కరు కూడా ఖాతాదారుగా రారు. ఉద్యోగం ఇవ్వగలిగినవాళ్ళు మాత్రం డజన్లకొద్దీ ఉంటారు!

ఈ తేడా పట్టుకున్నవాళ్ళకి దారి తేలికవుతుంది. ఆలోచించి చూస్తే ఇంటర్నల్ హోల్‌సేలర్‌కి తెలిసినంతగా అడ్వైజర్ల ఆఫీసుల లోగుట్టు ఇంకెవరికీ తెలియదు. ఏ ఆఫీసులో క్లయింట్లు పెరుగుతున్నారు, ఎక్కడ పెద్దాయనకి వయసు మీదపడి చేతికి అందివచ్చేవాళ్ళు లేరు, ఎవరు సహాయకుల్ని ఏడాదికోసారి మారుస్తారు... ఇవన్నీ రోజూ ఫోన్లో చెవిన పడేవే. ఉద్యోగం వెతుక్కునే మనిషికి ఇంతకన్నా మంచి సమాచారం ఏ ప్రకటనలోనూ దొరకదు.

బల్లకి అటువైపు

ఎక్కువమంది చూపు పడేది అడ్వైజర్ ఉద్యోగం మీదే. సహజమే. రోజూ మాట్లాడేది వాళ్ళతోనే కదా! సంపాదనా బాగుంటుంది. అమెరికా కార్మిక గణాంకాల శాఖ లెక్కల్లో 2023లో అడ్వైజర్ల మధ్యస్థ వార్షిక సంపాదన దాదాపు లక్ష డాలర్లు.

కానీ ఆ లెక్కలో నిలదొక్కుకున్నవాళ్ళే కనిపిస్తారు. ఈ రంగాన్ని ఏళ్ళ తరబడి గమనిస్తున్న సెరూలి అనే పరిశోధన సంస్థ ప్రకారం, కొత్తగా అడ్వైజర్లుగా దిగినవాళ్ళలో పదిమందికి ఏడుగురు నిలవడం లేదు. కారణం పెట్టుబడుల సంగతులు తెలియక కాదు, క్లయింట్లు దొరక్క. ఇంటర్నల్ హోల్‌సేలర్ ఫోన్ చేసే ప్రతి నంబరూ కంపెనీ ఇచ్చిందే. ఎత్తిన మనిషికి ఫండ్లు అంటే ఏమిటో తెలుసు, వినడం ఆయన వృత్తిలో భాగం. కొత్త అడ్వైజర్‌కి ఆ సుఖం లేదు. ముక్కూమొహం తెలియని కుటుంబం దగ్గరికెళ్ళి, మీ జీవితకాలపు పొదుపు మా చేతిలో పెట్టండి అని అడగాలి. ఇరవై అయిదేళ్ళ కుర్రాడు అడిగితే ఎవరు ఇస్తారు?

సెయింట్ లూయిస్ కేంద్రంగా నడిచే ఎడ్వర్డ్ జోన్స్ సంస్థలో కొత్త అడ్వైజర్లు ఇంటింటికీ వెళ్ళి తలుపు తట్టడం చాలాకాలం పాటు ఆనవాయితీ. మెరిల్ లించ్‌లో ట్రైనీలు తెలియనివాళ్ళకి ఫోన్లు చేయడం దశాబ్దాల అలవాటు. 2003లో అమెరికా ప్రభుత్వం అమ్మకాల ఫోన్లు వద్దనుకునేవాళ్ళ కోసం జాబితా తెరిచింది. ఇళ్ళకి ఫోన్లు చేయడం అంతకంతకూ కష్టమైంది. 2021లో మెరిల్ సంస్థే ట్రైనీలని అలా ఫోన్లు చేయొద్దంది. తెలిసినవాళ్ళ ద్వారా పరిచయాలు పెంచుకోవాలని చెప్పింది. ఫోనే ఆయుధమనుకుని హోల్‌సేలింగ్ నుంచి వచ్చినవాళ్ళకి ఆ ఆయుధం కూడా చేతిలోంచి జారిపోయినట్టే.

మరి ఈ దారి మూసుకుపోయిందా? లేదు, తలుపు ఇంకోచోట ఉంది. ఇప్పుడున్న అడ్వైజర్లలో మూడో వంతుకు పైగా పదేళ్ళలో రిటైరవుతారని అదే సెరూలి అంచనా. వాళ్ళ క్లయింట్లని ఎవరో ఒకరు చూసుకోవాలి. సొంతంగా బోర్డు పెట్టుకోవడం కన్నా, అలాంటి ఆఫీసులో జూనియర్ అడ్వైజర్‌గా చేరి ఉన్న క్లయింట్లకి సేవలందిస్తూ నాలుగేళ్ళలో కుదురుకోవడం క్షేమం. జీతం మొదట్లో హోల్‌సేలింగ్‌లో వచ్చినంత రాకపోవచ్చు. ఈ తగ్గుదల కొందరికి మింగుడుపడదు. ఇంటి అద్దె, చదువుకోసం చేసిన అప్పు నెలనెలా తరుముతుంటే తప్పుపట్టడానికీ లేదు. అలాంటివాళ్ళు ఆరు నెలల ఇంటి ఖర్చు పక్కన పెట్టుకునేదాకా కదలకపోవడమే మేలు.

ఇందుకు కావలసిన లైసెన్సు సిరీస్ 66. సిరీస్ 7 ఉన్నవాళ్ళు దీన్ని రాస్తే సలహాకి ఫీజు తీసుకునే అర్హత వస్తుంది. ఇక క్లయింటు నమ్మకానికి పనికొచ్చేది సీఎఫ్‌పీ. నిర్ణీత కోర్సు చదివి, 170 ప్రశ్నల పరీక్ష రాసి, 6,000 గంటల అనుభవం చూపించాలి. హోల్‌సేలింగ్ చేస్తూనే సాయంత్రాలు చదివి పరీక్ష పూర్తి చేసుకునేవాళ్ళున్నారు. చాలా కంపెనీలు ఫీజు కూడా భరిస్తాయి... పాసైన ఏడాది రెండేళ్ళలోపు వెళ్ళిపోతే తిరిగి కట్టాలనే షరతు ఉంటుందేమో చూసుకోవాలి.

అక్కడ పుట్టి పెరిగిన తెలుగు పిల్లలకి ఇందులో ఒక వీలుంది. ఐటీ ఉద్యోగాల్లో స్థిరపడిన మనవాళ్ళ డబ్బు సమస్యలు కాస్త వేరు. హైదరాబాద్‌లో స్థలం, విజయవాడ బ్యాంకులో డిపాజిట్లు, నాన్నగారు కొనిపెట్టిన ఇండియా మ్యూచువల్ ఫండ్లు ఉంటాయి. విదేశీ ఖాతాల్లో అన్నీ కలిపి ఏడాదిలో ఏ రోజైనా పదివేల డాలర్లు దాటితే ఎఫ్‌బార్ అనే పత్రం దాఖలు చేయాలి. ఇండియా మ్యూచువల్ ఫండ్లయితే అమెరికా పన్ను చట్టంలో పీఎఫ్‌ఐసీ అనే లెక్క కిందికి వస్తాయి. ఆ పన్ను మోత చూస్తే చాలామంది గుండె పట్టుకుంటారు. ఇవి తెలిసి, అమ్మానాన్నలతో తెలుగులో మాట్లాడగల అడ్వైజర్‌కి తలుపులు తట్టాల్సిన అవసరం చాలా తగ్గుతుంది.

పని అదే... సరుకు వేరు

బల్లకి అటువైపు వెళ్ళడం ఇష్టం లేనివాళ్ళూ ఉంటారు. కుటుంబాల కష్టసుఖాలు వినడం అందరికీ పడదు. వాళ్ళు హోల్‌సేలింగ్‌లోనే ఉంటూ సరుకు మార్చుకుంటున్నారు.

ఇందులో జోరుగా పెరిగింది ప్రైవేటు పెట్టుబడుల విభాగం. బ్లాక్‌స్టోన్, అపోలో, కేకేఆర్ లాంటి సంస్థలు ఒకప్పుడు పింఛను నిధుల దగ్గర, విశ్వవిద్యాలయాల దగ్గర మాత్రమే సొమ్ము సేకరించేవి. గత పదేళ్ళలో సంపన్న కుటుంబాల వైపు తిరిగాయి. ఆ కుటుంబాలు అడ్వైజర్ల చేతిలో ఉంటాయి కాబట్టి హోల్‌సేలర్లు కావాల్సి వచ్చారు. బ్లాక్‌స్టోన్ 2017లో మొదలుపెట్టిన బ్రీట్ అనే రియల్ ఎస్టేట్ ఫండు ఇందుకు పేరుపడ్డ ఉదాహరణ. అయితే వీటిలో సొమ్ము ఎప్పుడంటే అప్పుడు వెనక్కి రాదు. 2022 చివర్లో ఒక్కసారిగా జనం ఎగబడటంతో బ్రీట్ నిబంధనల ప్రకారం వాపసులకి పరిమితి విధించింది. అలాంటి రోజుల్లో అడ్వైజర్ల ఫోన్లు ఎత్తాల్సింది ఎవరు? ఈ హోల్‌సేలర్లే. జీతం పెంపుతోపాటు ఈ సంగతీ లెక్కలో వేసుకోవాలి.

యాన్యుటీలు మరో దారి. వడ్డీ రేట్లు పెరిగాక 2023లో, ఆపైన 2024లో అమెరికాలో వీటి అమ్మకాలు రికార్డులు కొట్టాయి. బీమా లైసెన్సు అదనంగా కావాలి. ఫండ్ల కన్నా నిబంధనల చిక్కులు ఎక్కువ కాబట్టి ఇంటర్నల్ మాట మీద అడ్వైజర్లు ఎక్కువగా ఆధారపడతారు. ఓపిక ఉన్నవాళ్ళకి ఇది నప్పుతుంది.

రిటైర్మెంట్ పథకాల విభాగానికి అంత ఆకర్షణ లేదు గానీ నిలకడ ఎక్కువ. అమెరికాలో ఉంటున్న మన ఇంజినీర్ల జీతంలోంచి ప్రతిసారీ కోసే 401(కె) సొమ్ము ఇందులోదే. 1978 చట్టంలో ఒక చిన్న సెక్షనుగా పుట్టి ఇంతవాటిదైంది. 2022 డిసెంబరులో వచ్చిన సెక్యూర్ 2.0 చట్టం తర్వాత కొత్తగా పెట్టే పథకాల్లో 2025 నుంచి ఉద్యోగుల్ని వాళ్ళంతట వాళ్ళు వద్దనేదాకా ఆటోమేటిక్‌గా చేర్చాలి. పదిమంది లోపు ఉద్యోగులున్న చిన్న సంస్థలకి, మూడేళ్ళు నిండని కొత్త సంస్థలకి మినహాయింపు ఉంది. న్యూజెర్సీ, టెక్సస్‌లలో మనవాళ్ళు నడిపే ఐటీ కన్సల్టెన్సీలు కొత్తగా పథకం పెడితే వాటికీ ఇదే నియమం. ఇక్కడ అమ్మకం ఒక్క ఫోన్‌తో తేలదు, నెలలు పడుతుంది. ఒకసారి కుదిరితే ఏళ్ళపాటు ఉంటుంది.

సంస్థాగత అమ్మకాలు, అంటే పింఛను నిధులకి, ట్రస్టులకి అమ్మడం, చాలామందికి కల. అక్కడికి మాటకారితనం కన్నా లోతైన చదువు కావాలి. మూడు అంచెల సీఎఫ్‌ఏ పరీక్షలు చదువుతున్నవాళ్ళకే పిలుపులు వస్తాయి. ఇళ్ళ రుణాల వైపు వెళ్ళేవాళ్ళూ ఉన్నారు. వడ్డీ తక్కువున్న 2020, 2021లలో చేతినిండా సంపాదించినవాళ్ళే 2022లో రేట్లు పెరగ్గానే ఖాళీగా కూర్చున్నారు. దీని గురించి ఇంతకన్నా చెప్పక్కర్లేదు.

రెండేళ్ళ గడువు

చాప కింద నీరులాంటి దారి ఇంకొకటుంది. అడ్వైజర్ల ఆఫీసులకి సాఫ్ట్‌వేర్ అమ్మే కంపెనీలు. పోర్ట్‌ఫోలియోల లెక్కలు, క్లయింట్ల రిపోర్టులు, పన్నుల అంచనాలు... అన్నిటికీ సాఫ్ట్‌వేర్లే. అవి అమ్మేవాళ్ళకి అడ్వైజర్ పని తెలిసిన మనిషి కావాలి. ఇంటర్నల్ హోల్‌సేలర్ కన్నా తగినవాడు ఎక్కడ దొరుకుతాడు? లైసెన్సులతో పని లేదు, గొడవ లేదు.

గొడవల్లా అక్కడే ఉంది! ఫిన్రా లైసెన్సులు మనిషి వెంట ఉండవు, కంపెనీ వెంట ఉంటాయి. ఉద్యోగం మానేసిన ముప్ఫై రోజుల్లోగా పాత కంపెనీ యూ5 అనే పత్రం దాఖలు చేస్తుంది. ఆ రోజు నుంచి గడియారం నడుస్తుంది. రెండేళ్ళలోగా మరో బ్రోకరేజి సంస్థలో నమోదు కాకపోతే సిరీస్ 7 చెల్లదు. మళ్ళీ మూడు గంటల ముప్పావు పరీక్ష! సాఫ్ట్‌వేర్ కంపెనీలో మూడేళ్ళు చేసి, అది మూతపడి, వెనక్కి వద్దామనుకున్నవాడికి ఈ సంగతి అప్పుడు గుర్తొస్తే ఏం లాభం?

2022లో ఫిన్రా దీనికి ఒక వెసులుబాటు ఇచ్చింది. మానేసే ముందు కనీసం ఏడాది పాటు నమోదై ఉన్నవాళ్ళు, రెండేళ్ళలోగా దరఖాస్తు చేసుకుని, ఏటా ఫీజు కట్టి నిర్ణీత శిక్షణ పూర్తిచేస్తుంటే, అర్హతని అయిదేళ్ళ దాకా కాపాడుకోవచ్చు. ఖర్చు పెద్దదేం కాదు. గుర్తుపెట్టుకుని చేయడమే కష్టం.

రాజీనామాకి ముందు తిరగేయాల్సిన కాగితాలు ఇంకా ఉన్నాయి. చేరినప్పుడు సంతకం పెట్టిన ఒప్పందంలో పోటీ కంపెనీలో చేరకూడదన్న షరతు ఉందా? కాలిఫోర్నియాలో అలాంటి షరతులు చెల్లవు. మరికొన్ని రాష్ట్రాల్లో చెల్లుతాయి. దేశమంతటా వాటిని రద్దు చేయాలని ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2024లో చేసిన ప్రయత్నాన్ని టెక్సస్‌లోని ఫెడరల్ కోర్టు కొట్టేసింది. ఇక కంపెనీ కంప్యూటర్లో ఉన్న అడ్వైజర్ల జాబితా, వాళ్ళ అబ్బాయి బేస్‌బాల్ కబుర్లతో సహా, కంపెనీదే. చివరిరోజు రాత్రి దాన్ని సొంత మెయిల్‌కి పంపుకోవడం లాంటి తెలివితక్కువ పని ఇంకోటి లేదు. బుర్రలో గుర్తున్నదాన్ని ఎవరూ ఆపలేరు. బోనసు ఎప్పుడు ఖాతాలో పడుతుందో చూసుకుని, పడ్డాక రాజీనామా ఇవ్వడం మాత్రం అక్కడా ఇక్కడా ఒకటే లౌక్యం.

'సేల్సా... అదేం ఉద్యోగం?'

ఈ ఉద్యోగం గురించి మన ఇళ్ళలో తెలిసింది తక్కువ. అమెరికాలో కొడుకో కూతురో ఏం చేస్తున్నారంటే సాఫ్ట్‌వేర్ అనో డాక్టర్ అనో చెప్పుకోవడమే అలవాటు. పిల్లాడు ఫోన్లో ఫండ్ల గురించి మాట్లాడతాడంటే అమ్మమ్మలు అది కాల్‌సెంటర్ అనుకుంటారు. చదువుకోసం వెళ్ళినవాళ్ళకి వీసా చిక్కూ ఉంది. ఫలానా సబ్జెక్టులో డిగ్రీ ఉంటేనే చేయగల పని అని చూపించాలన్న హెచ్1బీ నిబంధనలో అమ్మకాల ఉద్యోగాలు సులువుగా ఇమడవు. అందుకే ఈ కుర్చీల్లో కనిపించే మనవాళ్ళు సాధారణంగా అక్కడి పౌరసత్వమో, గ్రీన్‌కార్డో ఉన్న కుటుంబాల పిల్లలే.

మన దగ్గర ఈ పనే వేరే పేరుతో ఉంది. మ్యూచువల్ ఫండ్ కంపెనీల రిలేషన్‌షిప్ మేనేజర్లు విజయవాడ, వరంగల్, విశాఖపట్నంలలో డిస్ట్రిబ్యూటర్ల చుట్టూ తిరుగుతుంటారు. ఇక్కడి నిచ్చెన కూడా కుదుపులు చూసింది. 2009 ఆగస్టు ఒకటి నుంచి సెబీ ఎంట్రీ లోడ్ ఎత్తేసింది. 2013 జనవరి నుంచి కమీషన్ లేకుండా నేరుగా కొనుక్కునే డైరెక్ట్ ప్లాన్లు వచ్చాయి. ఇక్కడా డిస్ట్రిబ్యూటర్‌గా మారాలంటే వంద ప్రశ్నల ఎన్ఐఎస్ఎం పరీక్ష రాయాలి. ఆ ధ్రువపత్రానికి మూడేళ్ళే ఆయుష్షు.

అమెరికాలో డిగ్రీ చదువుతున్న పిల్లలకి ఒక సౌకర్యం ఉంది. 2018 అక్టోబరు నుంచి ఫిన్రా పెడుతున్న ఎస్ఐఈ అనే ప్రాథమిక పరీక్షకి ఏ కంపెనీ సిఫార్సూ అక్కర్లేదు. పద్దెనిమిదేళ్ళు నిండినవాళ్ళు ఎవరైనా రాయొచ్చు. 75 ప్రశ్నలు, గంట ముప్పావు. పాసైతే నాలుగేళ్ళు చెల్లుతుంది.

ఇక అక్కడి అడ్వైజర్ చేతిలో సొమ్ము పెట్టబోయే కుటుంబాలు, ఆ మనిషి పేరుని ఫిన్రా వారి బ్రోకర్‌చెక్‌లో కొట్టి చూడొచ్చు. ఉచితమే. పాసైన పరీక్షలు, మీద వచ్చిన ఫిర్యాదులు, నమోదైన కంపెనీలన్నీ వరసగా కనిపిస్తాయి. తొలి కంపెనీ పేరు చివర 'డిస్ట్రిబ్యూటర్స్' అని ఉంటే, ఆయన ఒకప్పుడు ఫండ్ కంపెనీ తరఫున హెడ్‌సెట్ పెట్టుకుని కూర్చున్నవాడే అయ్యుండొచ్చు.